రానివాళ్ళ జట్టు

ఆ బడిలో కుట్టుపని నేర్పే టీచరు ఒకావిడ ఉండేది. పిల్లలు ఆవిడని సూది టీచరు అని పిలిచేవాళ్ళు. చాటున పెట్టుకున్న పేరు కాదు, మొహం మీదే పిలిచే పేరు. చొక్కా బొత్తాం ఊడినా, పుస్తకాల సంచీ పట్టీ తెగినా, కింద పడి మోకాలి దగ్గర బట్ట చిరిగినా, ఏ తరగతి పిల్లలైనా ఆవిడ గదికే పరుగెత్తేవాళ్ళు. కింది అంతస్తులో, వరండా చివర ఉండేది ఆ గది. రెండు తొక్కుడు మిషన్లు, గోడవారగా ఒక పొడుగు బల్ల, బల్ల కింద గుడ్డ ముక్కలు కుక్కిన గోనెసంచులు. కిటికీలోంచి బడి ఆవరణ అంతా కనిపించేది. సగం సిమెంటు, సగం మట్టి. ఒక మూల కుళాయిలు, ఇంకో మూల సైకిళ్ళ షెడ్డు. ఏళ్ళ తరబడి ఆవిడ ఆ ఆవరణని కిటికీలోంచే చూసింది తప్ప, అందులోకి దిగి నాలుగడుగులు వడిగా వేసిన పాపాన పోలేదు.

వేసే అవసరమూ రాలేదు. కూర్చుని చేసే పని. నలభై అయిదు దాటాక ఒళ్ళు కాస్త వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం. చిన్నప్పుడు కూడా, తోటిపిల్లలు ఆడుకుంటుంటే గోడ పక్కన నిలబడి వాళ్ళ చెప్పులకి కాపలా కాసిన మనిషే. అడిగితే, ఎవరో ఒకరు కాయాలిగా అనేది.

ఒక ఏడాది బడులు తెరిచే వేళకి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చిన్న బడుల్లో కుట్టుపని ఇక ఉండదు, దాని బదులు ప్రతి తరగతికీ ఆటల పీరియడ్ ఉంటుంది, ఉన్నవాళ్ళలోంచే ఒకరికి శిక్షణ ఇచ్చి డ్రిల్లు టీచరుగా వేసుకోవాలి అని. ఆ మాట చెప్పడానికి హెడ్మాస్టారు ఆవిడని తన గదికి పిలిచాడు. ఆయన చీమకైనా చెడ్డ కబురు నేరుగా చెప్పలేని మనిషి. ముందు టీ తెప్పించాడు. అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. వానలు వెనకబడ్డాయన్నాడు. టీ చల్లారిపోయాక, బల్ల మీది కాగితాల వైపు చూస్తూ సంగతి బయటపెట్టాడు. కుట్టుపనే కావాలంటే దూరపు ఊళ్ళో పెద్ద బడికి బదిలీ చేయించుకోవచ్చు. ఇక్కడే ఉండాలంటే ఈ శిక్షణకి వెళ్ళి డ్రిల్లు టీచరు కావాలి.

"రెండూ కాదంటే?" అని అడిగిందావిడ.

"రెండూ కాదంటే ఇంటికేనమ్మా" అన్నాడాయన, తప్పంతా తనదే అయినట్టు.

ఇంట్లో ముగ్గురే మనుషులు. భర్త కరెంటు లైన్‌మ్యాను. పొద్దస్తమానం స్తంభాలు ఎక్కీ దిగీ ఆయనా ఒక స్తంభంలాగే ఉండేవాడు, సన్నగా, నిటారుగా. అత్తగారు మోకాళ్ళు పట్టేసి కుర్చీకే పరిమితమైంది గానీ నోటికి మాత్రం ఏ పట్టూ లేదు. కోడలు చెప్పిందంతా విని ఆవిడ అంది: "నా కాళ్ళు పనిచెయ్యవు. నీ కాళ్ళకి నువ్వు పని చెప్పవు. ఈ కొంపలో కాళ్ళున్నది మా అబ్బాయికొక్కడికే. వాణ్ణి పంపించు డ్రిల్లుకి."

నవ్వులాటగానే తీసుకున్నా ఆ మాట సూది టీచరు మనసులో నాటుకుంది. అత్తగారిని వదిలి దూరపు ఊరు వెళ్ళే ప్రశ్నే లేదు. ఒకళ్ళు అక్కడా ఇద్దరు ఇక్కడా ఉండే సంసారం తనకి చేతకాదు. ఇంట్లో కూర్చోవడం అంతకన్నా చేతకాదు. ఇక మిగిలింది ఒకటే దారి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనుకుంటూ పేరిచ్చింది.

శిక్షణకి వెళ్ళే ముందు బట్టల సమస్య వచ్చింది. ఆవిడ కట్టేవన్నీ కాళ్ళకి అడ్డం పడే రకం. దుకాణాల్లో ఉన్న ఆటల బట్టలు వేస్తే ఊపిరాడదు, వదులువి వేస్తే పరదాలు కట్టుకున్నట్టుంది. చివరికి తానే ముదురు నీలం గుడ్డ తెచ్చి, తెల్లపట్టీ వేసి, కత్తిరించి కుట్టుకుంది. అద్దంలో చూసుకుని, బట్టల వరకూ ఏ వంకా లేదని ఒప్పుకుంది.

శిక్షణ శిబిరంలోనూ ఆవిడకి దక్కిన మెచ్చుకోలు ఆ బట్టలకే. తక్కినవాళ్ళంతా ఇరవైల్లో ఉన్నవాళ్ళు, లేడిపిల్లల్లాంటివాళ్ళు. పరుగుపందెంలో ఆవిడ గీత దాటేసరికి మిగతావాళ్ళు చెమట తుడుచుకుని నీళ్ళు తాగడం కూడా అయిపోయేది. ఆటల నియమాలు కంఠతా పట్టింది, కొలతలు అడిగితే తడుముకోకుండా చెప్పేది. చేసి చూపించమంటేనే వెనక వరుసలోకి జరిగేది. పిల్లిమొగ్గ వెయ్యమన్న రోజున పరుపు ముందు వంగి, చేతులు ఆనించి, అలాగే ఉండిపోయింది. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు గనక నవ్వలేదు. ఆ మర్యాదే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. కానీ మధ్యాహ్నం తిండి వేళకి అదే పిల్లలు చుట్టూ చేరేవాళ్ళు. ఒకమ్మాయికి బట్ట నడుము దగ్గర బిగించాలి, ఇంకో అబ్బాయికి కాళ్ళ దగ్గర కత్తిరించాలి. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో గుర్తులు పెట్టి ఇచ్చేది.

ఆఖరి రోజున అందరికన్నా తక్కువ మార్కులతో గట్టెక్కింది. ఈలలు పంచుతూ, బొంగురు గొంతు కోచ్ ఒకాయన ఆవిడ దగ్గర ఆగి అన్నాడు: "మీ బట్టలు బాగున్నాయమ్మా. మిగతాది పిల్లలే నేర్పుతారు లెండి."

పిల్లలు నేర్పడానికి ముందు నానా తిప్పలూ పెట్టారు. మొదటి రోజు ఆవిడ ఈల ఊదగానే ఒకటో తరగతి మొత్తం ఇంటికి వెళ్ళే గంట అనుకుని గేటు దాకా పరుగెత్తింది. వాళ్ళని వెనక్కి తోలుకొచ్చేసరికి పీరియడ్ అయిపోయింది. నాలుగో తరగతివాళ్ళు తన్నిన బంతి గోడ దాటి పక్కనున్న రొట్టెల దుకాణం కప్పు మీద పడేది. రొట్టెలాయన దాన్ని పిండి అంటిన చేతులతో తెచ్చి ఇచ్చి, ఒక చూపు చూసేవాడు. అరిచి అరిచి వారం తిరక్కుండానే ఆవిడ గొంతు పోయింది. సాయంత్రం ఇంటికి పోతే కాళ్ళు తనవి కానట్టు ఉండేవి. అన్నిటికన్నా బాధ, వరుసగా నిలబడ్డ పిల్లలు ఇప్పుడేం చెయ్యాలన్నట్టు తన మొహం వైపు చూడటం. ఏం చెప్పినా చేసి చూపించమంటారేమోనని భయం.

అలాంటప్పుడు అయిదో తరగతి మాస్టారు వచ్చి, పిల్లలకి భిన్నాలు బొత్తిగా రావడం లేదు, ఇవాళ్టి ఆటల పీరియడ్ తనకి ఇవ్వగలరా అని అడిగాడు. లెక్కలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయనేదో అప్పు అడుగుతున్నట్టు మొహమాటపడుతూ అడిగాడు గానీ, ఆవిడకి మాత్రం వరం దొరికినట్టయింది. ఇచ్చేసింది. మర్నాడూ ఇచ్చింది. ఆ మాట పాకి నాలుగో తరగతి టీచరు అడిగింది, తరవాత మూడో తరగతి టీచరు. వానలు ముదిరేసరికి సూది టీచరు పేరుకే డ్రిల్లు టీచరు. నీలం బట్టలు వేసుకుని, మెడలో ఈల వేసుకుని, తన పాత గదిలో కూర్చుని గుడ్డ ముక్కలు రంగుల వారీగా సర్దుకుంటూ ఉండేది. హెడ్మాస్టారు చూశాడో, చూడనట్టు ఊరుకున్నాడో గానీ ఏమీ అనలేదు.

ఆ గదికి మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చేది. ఎప్పుడైనా ఆటల పీరియడ్ జరిగితే చాలు, కడుపునొప్పి అని చెప్పి వచ్చి బల్ల చివర కూర్చునేది. అందుకని తోటిపిల్లలు దాన్ని కడుపునొప్పి అనే పిలిచేవాళ్ళు. బొద్దుగా, మాట నెమ్మదిగా ఉండేది. బొత్తాలు కుట్టడం దానికి సరదా. ఆ రోజు వాన వెలిసింది, మూడో తరగతి వాళ్ళని వాళ్ళ టీచరే కాసేపు బయటికి వదిలింది. ఆవిడా, ఆ పిల్లా గదిలో ఉన్నారు. పిల్ల దారం కొరుకుతూ తలెత్తకుండా అడిగింది:

"టీచర్, మీక్కూడా కడుపునొప్పేనా?"

"లేదే. ఎందుకడిగావ్?"

"మీరు కూడా ఆడ్డానికి రావట్లేదుగా."

వేరే ఎవరైనా అంటే కోపం వచ్చేదే. ఈ పిల్ల ఎత్తిపొడవలేదు, తోడు దొరికిందనుకుని అడిగింది. నీకెందుకు కడుపునొప్పి వస్తుందో చెప్పమని మెల్లిగా అడిగింది. పిల్ల, బంతి వస్తుంటే కళ్ళు మూతపడిపోతాయని, అది మొహానికి తగులుతుందని, తగిలినా పరవాలేదు గానీ అందరూ నవ్వుతారని చెప్పింది. విన్నంతసేపూ ఆవిడకి ఒక గోడా, దాని పక్కన వరసగా పెట్టిన చెప్పులూ కళ్ళ ముందు కదిలాయి.

మర్నాడు ఆ పిల్ల వచ్చేసరికి బల్ల మీద గుప్పెడంత సంచులు కొన్ని ఉన్నాయి, ఎరుపూ పసుపూ గళ్ళూ గీతలూ కలిపి. లోపల ఎండు బఠాణీలు పోసి, మూతి కుట్టేసినవి. అలాంటి సంచి బంతిలాగా ఎగిరి మీద పడదు, పడినా నొప్పెట్టదు, చేతిలో పడితే పిల్లికూనలా ఒదిగి కూర్చుంటుంది. తలుపు దగ్గరికి వేసి, ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు. పిల్ల విసిరింది. టీచరు పట్టలేకపోయింది. టీచరు విసిరింది. పిల్లా పట్టలేకపోయింది. అలా ఎన్నిసార్లు కింద పడిందో, చివరికి ఒకటి మిషను మీద పడి దారం కండె దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. చూసి నవ్వేవాళ్ళు ఎవరూ లేని చోట తామే నవ్వుకోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆ వయసులో తెలిసిందావిడకి. గంట కొట్టే లోపల పిల్ల ఒకటి పట్టింది. కళ్ళు తెరుచుకునే పట్టింది.

ఆ సాయంత్రం భర్తని ఒక తాడు కావాలని అడిగింది. ఎందుకని అడగకుండా ఆయన పాతబడి పక్కన పడేసిన లావుపాటి తాడొకటి తెచ్చి ఇచ్చాడు. తాడు ఒక కొస ఆయన పట్టుకుంటాడు, రెండో కొస ఎవరు పట్టుకోవాలి? ఇంటి ముందు వాకిట్లో అత్తగారి కుర్చీ ఉంది. తాడు ఆ కుర్చీ కాలికి కట్టారు. ఆయన తిప్పుతుంటే సూది టీచరు పక్కన నిలబడి, చేతులు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, ఇప్పుడు దూరదాం, ఇంకో చుట్టు పోయాక దూరదాం అనుకుంటూ అక్కడే ఉండిపోయింది. దూరిన ప్రతిసారీ తాడు మడమలకి చుట్టుకునేది. కుర్చీ కదిలేది. అత్తగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేది.

కొన్నాళ్ళు చూసి చూసి అత్తగారికి విసుగెత్తింది. "అమ్మాయ్, ఆ ముడి విప్పు. నా చేతికివ్వు" అంది. "నా మోకాళ్ళు పోయాయి గానీ భుజాలు పోలేదు. నువ్వు తాడు వంక చూస్తున్నావు, అది తప్పు. నేల మీద తగిలే చప్పుడు విను. తగలగానే దూరు. మేం చిన్నప్పుడు అలాగే దూకేవాళ్ళం."

అత్తగారు చిన్నప్పుడు తాడు దూకిందన్న సంగతి కొడుక్కే తెలియదు. ఆవిడ కొస చేత్తో పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. టీచరు కళ్ళు మూసుకుని విన్నది. టప్, టప్, టప్. అది తనకి తెలిసిన చప్పుడే అనిపించింది. ఇన్నేళ్ళూ మిషను తొక్కిన కాలికి లయ కొత్త కాదు. చప్పుడు వెంటే దూరింది. తాడు పాదాల కింద నుంచి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఆయాసంతో నవ్వుతూ బయటికి వచ్చేసరికి, పక్కింటివాళ్ళు పిట్టగోడ మీంచి చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

మరుసటి సోమవారం అయిదో తరగతి మాస్టారు మామూలుగానే వచ్చి పీరియడ్ అడిగాడు. పరీక్షలు దగ్గర పడ్డాయి, గంతులెక్కడికి పోతాయి, తరవాతైనా వెయ్యొచ్చు అన్నాడు.

"ఇన్నాళ్ళూ మీకు ఇచ్చింది లెక్కల మీద గౌరవంతో కాదు మాస్టారూ" అంది సూది టీచరు. "బయటికి వెళ్ళాలంటే నాకే భయమై ఇచ్చాను. పిల్లల సొత్తు నా భయానికి ధారపోశాను. ఇక ఇవ్వను."

ఆయన దెబ్బలాటకి సిద్ధపడే వచ్చాడు గానీ ఇలాంటి జవాబుకి కాదు. నేరుగా హెడ్మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. హెడ్మాస్టారు ఇద్దరినీ కూర్చోబెట్టి, టీ తెప్పించి, వానల గురించి మాట్లాడి, పిల్లిమీదా ఎలుకమీదా పెట్టి కాలం గడిపాడు. చివరికి గోడకున్న టైంటేబుల్ వైపు చూపించి, అందులో ఏది రాసి ఉంటే అదే జరగాలి కదండీ అన్నాడు. అంత తెగువ ఆయన అంతకు ముందు చూపించి ఎరగడు. అయిదో తరగతి మాస్టారు చాలా రోజులు సూది టీచరుతో ముభావంగా ఉన్నాడు. వరండాలో ఎదురైతే తల ఊపడం మానలేదు గానీ మాట తగ్గించాడు.

ఆవిడ ఆవరణలోకి దిగింది. మొదటి రోజే పిల్లలకి సంగతి విప్పి చెప్పింది. ఆటలు వచ్చినవాళ్ళు మట్టి వైపు వెళ్ళి బంతి ఆడుకోండి, రానివాళ్ళు సిమెంటు వైపు నాతో రండి, నాక్కూడా రావు, కలిసి నేర్చుకుందాం అంది. టీచరు అలా అనొచ్చని పిల్లలెవరికీ తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా కడుపునొప్పి పిల్ల సిమెంటు వైపు నడిచింది. తరవాత కళ్ళజోడు పెట్టుకున్న ఒకడు. నత్తిగా మాట్లాడే ఇంకొకడు. బంతి జట్టులో ఎప్పుడూ ఆఖరున మిగిలిపోయేవాళ్ళు ఒక్కొక్కళ్ళే తెగించి వచ్చారు. రానివాళ్ళ జట్టు అని పేరు వాళ్ళే పెట్టుకున్నారు.

ఆ జట్టు సంచులు విసురుకుంది. తల మీద సంచి పెట్టుకుని సుద్దగీత వెంట నడిచింది. పొడుగు తాడు కింద చప్పుడు వింటూ దూరింది. తాడు తగులుకుంటే, తగులుకున్నవాళ్ళు తిప్పేవాళ్ళవుతారు, అంతే, ఇంకే శిక్షా లేదు. టీచరుకే అందరికన్నా ఎక్కువగా తగులుకునేది గనక ఆవిడే ఎక్కువసేపు తిప్పేది. మధ్యలో ఒక ఆదివారం సామాన్ల గదిలో ఎలుకలు పడి సంచులన్నీ కొరికి, బఠాణీలు ఒక్కటి మిగల్చకుండా తినిపోయాయి. ఈసారి కడిగి ఎండబెట్టిన ఇసక పోసి కుట్టింది. అది కుట్లలోంచి జారి పిల్లల నెత్తిన రాలింది. జంటకుట్టు వేస్తే అప్పుడు ఆగింది. ఎలుకలకి డ్రిల్లు చేసి పెట్టింది మన సూది టీచరు అని స్టాఫ్ రూములో అందరూ నవ్వుకున్నారు. ఆవిడా నవ్వింది.

కొన్నాళ్ళకి ఎదురుచూడని చిక్కు వచ్చిపడింది. బంతి బాగా ఆడేవాళ్ళు కూడా సిమెంటు వైపు రావడం మొదలుపెట్టారు. మాకూ రాదు టీచర్ అనేవాళ్ళు. నీకు రానిదేమిట్రా, చిరుతపులిలా పరుగెత్తుతావు అని ఒకణ్ణి అడిగితే, సంచి తల మీద పెట్టుకుని నడవడం రాదు అన్నాడు వాడు. నిజమే, వాడికి రాదు. నిమిషం నిదానంగా ఉండటం వాడి వల్ల కాదు. వాణ్ణీ చేర్చుకుంది.

అయిదో తరగతి మాస్టారి సంగతి ఎలా తేలిందంటే, ఒక రోజు ఆయన క్లాసు పిల్లలు బయట మరీ గోల చేస్తున్నారని అదుపు చెయ్యడానికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే తాడు రెండో కొస పట్టుకునే పిల్ల నీళ్ళకి పరుగెత్తింది. టీచరు ఏమీ ఆలోచించకుండా, మాస్టారూ కాస్త పట్టుకోండి అని చేతికిచ్చేసింది. ఆయన మొహమాటానికి పట్టుకున్నాడు. తిప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఆయన చేతిలో తాడు హెచ్చూ తగ్గూ లేకుండా గడియారంలా తిరుగుతుందని. పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు దూరి బయటికి వస్తున్నారు, ఒక్కరికీ తగలడం లేదు. గంట కొట్టాక కూడా ఆయన వదల్లేదు. మర్నాటి నుంచి పిల్లలు, మాస్టారు తిప్పితేనే దూకుతామని పేచీ పెట్టారు. ఆయన వారానికి ఒకరోజు వచ్చేవాడు. భిన్నాలు పూర్తయ్యాయా అని ఆవిడ అడిగితే, అవెక్కడికి పోతాయండీ, తరవాతైనా చెప్పొచ్చు అన్నాడు. అన్నాక తనకే నవ్వొచ్చింది.

ఏడాది చివర ఆటల రోజు వచ్చింది. ఎప్పుడూ అయితే పరుగుపందేలు పెట్టి, గెలిచినవాళ్ళకి స్టీలు గ్లాసులిచ్చి పంపేవాళ్ళు. ఈసారి పందేలతో పాటు ఇంకోటి కూడా పెడదామని సూది టీచరు పట్టుబట్టింది. ఏడాది మొదట్లో రానిది, ఇప్పుడు వచ్చినది ఏదో ఒకటి ప్రతి పిల్లా, పిల్లవాడూ తల్లిదండ్రుల ముందు చేసి చూపించాలి. అది ఎంత చిన్నదైనా సరే. హెడ్మాస్టారు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక భయపడ్డాడు. అప్పటికి వెనక్కి తీసుకునే వీల్లేదు, ఎందుకంటే పిల్లలు ఇళ్ళల్లో చెప్పేశారు.

అక్కడే ఆవిడ తాను తవ్విన గోతిలో తానే పడింది. మరి మీరేం చేస్తారు టీచర్ అని జట్టు జట్టంతా అడిగింది. తాడు దూకుతానంటే, అది ఎప్పుడో వచ్చేసిందిగా అన్నారు. ఇంకా రానిదేమిటో వాళ్ళకి తెలుసు. పరుపు పరిచి పిల్లిమొగ్గలు వేయించేటప్పుడు ఆవిడ ఎప్పుడూ మెడ కింద చెయ్యి వేసి సాయం పట్టడమే తప్ప, తాను వెయ్యదని గమనించనంత అమాయకులు కారు. నెల రోజులు రానివాళ్ళ జట్టే ఆవిడకి నేర్పింది. గడ్డం గుండెలకి ఆనించండి టీచర్, గుండ్రంగా అవ్వండి, నేల వంక చూడకండి. తాను వాళ్ళకి చెప్పిన మాటలే వాళ్ళు తిరిగి అప్పజెప్పారు. తాను చెప్పేటప్పుడు అవి ఎంత కష్టమైన మాటలో ఆవిడకి తెలియలేదు. ఆ నెల రోజుల్లో ఒక్కసారీ పూర్తిగా తిరగలేదు. ప్రతిసారీ సగంలో భయమేసి పక్కకి ఒరిగిపోయేది.

ఆ రోజు ఆవరణంతా జనం. భర్త సెలవు పెట్టి, అత్తగారిని ఆటోలో తీసుకొచ్చి, కుర్చీ వేసి ముందు వరసలో కూర్చోబెట్టాడు. పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి చేశారు. ఒకడు ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఒకతి కుళాయి గట్టు మీంచి దూకింది. ఇదేం పోటీ అని మొదట్లో గొణుక్కున్న ఒక తండ్రి, తన కొడుకు తల మీద సంచితో గీత చివరి దాకా నడిచేసరికి లేచి నిలబడిపోయాడు. కడుపునొప్పి పిల్ల ఈసారి సంచి కాదు, నిజం బంతినే పట్టింది. రెండోసారి జారవిడిచింది, దాని వెనక పరుగెత్తి తెచ్చుకుని మళ్ళీ విసరమంది.

ఆఖరున సూది టీచరు పరుపు దగ్గరికి వచ్చింది. వంగి, చేతులు ఆనించింది. గడ్డం గుండెలకి, గడ్డం గుండెలకి అని వెనక నుంచి జట్టు సన్నగా చెబుతోంది. కాళ్ళతో నేలని తోసింది. ఆకాశం ఒకసారి కాళ్ళ మధ్యలో కనబడింది, తరవాత వీపు పరుపుకి తగిలింది, తరవాత కూర్చుని ఉంది. తిన్నగా కాదు, పరుపు దాటి ఓ పక్కకి, జుట్టంతా ఊడి మొహం మీద పడి. అయినా తిరిగింది, పూర్తిగా తిరిగింది. పిల్లల కేకలకి రొట్టెలాయన కూడా గోడ మీంచి తొంగిచూశాడు.

అత్తగారు పక్కనున్నవాళ్ళతో తాపీగా అంది: "ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా కోడలు చూడండి, తనే మద్దెలై దొర్లింది."

తరవాత మూడేళ్ళకి పైవాళ్ళు మళ్ళీ మనసు మార్చుకున్నారు. బడుల్లో కుట్టుపని తిరిగి పెట్టారు. పాతవాళ్ళు కావాలంటే తమ పనికి తాము తిరిగి వెళ్ళొచ్చన్నారు. ఒకప్పుడు ఆవిడ కోరుకున్నది అంతే. సూది టీచరు పాత గది తాళం తీసి, మిషన్ల మీద దుమ్ము దులిపి, నూనె వేసి, ఒక సాయంత్రం ఒంటరిగా కూర్చుని కాసేపు తొక్కింది. గుడ్డ సాఫీగా కదిలింది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. నీడపట్టున పని, గొంతు చించుకోనక్కర్లేదు, ఎండ లేదు. ఇంట్లో చెబితే భర్త, నీ ఇష్టం అని ఊరుకున్నాడు. అత్తగారు కూడా, ఆశ్చర్యం, ఏమీ అనలేదు.

మర్నాడు ఆవిడ వెళ్ళి హెడ్మాస్టారితో, వద్దు, నేను బయటే ఉంటాను అని చెప్పింది. ఆయన కారణం అడిగాడు.

"ఆ గదిలోకి వెళ్తే మళ్ళీ కూర్చుండిపోతానండీ" అంది. "నా సంగతి నాకు తెలుసు."

కుట్టుపనికి ఒక కుర్రాడిని వేశారు, దర్జీల ఇంట పుట్టినవాడు, చెయ్యి చక్కటిది. గుడ్డ ముక్కల గోనెసంచులన్నీ ఆవిడ అతనికే అప్పగించింది. ఇసక సంచులు చిరిగితే అతని దగ్గరికే పంపేది. తాను కుట్టుకోలేక కాదు, పంపడంలో ఒక దర్జా ఉందని.

కడుపునొప్పి పిల్ల పెద్ద బడికి వెళ్ళిపోయింది. ఆటల్లో అదేమీ పేరు తెచ్చుకోలేదు. వాళ్ళ బడి జట్టులో అదనపు ఆటగత్తెగా గట్టు మీద కూర్చుంటుందట, ఎప్పుడైనా దింపితే మహా సంబరంగా ఆడి ఓడిపోతుందట. దారిలో కనబడితే ఆ విశేషాలన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది.

ఇప్పుడు ఆవిడకి యాభై దాటాయి. బడులు తెరిచిన మొదటి వారం, కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లల్ని వృత్తంగా నిలబెట్టడం ఆవిడకి ఏటా పెద్ద పరీక్ష. పెద్ద పరుగులు, పోటీలు అన్నీ దీని తరవాతే. చేతులు పట్టుకోమంటే, పక్కవాళ్ళ చెయ్యి చెమటగా ఉందని ఒకతి వదిలేస్తుంది. వెనక్కి జరగమంటే కుళాయిల దాకా జరిగేవాడు ఒకడు. వృత్తం కాస్తా వంకాయ ఆకారానికి వస్తుంది, అక్కడి నుంచి తెగిపోయిన దండలా అవుతుంది. ఒకడు చీమల బారు చూస్తూ మధ్యలో కూర్చుంటాడు. ఆవిడ అరవదు. వెళ్ళి వాడి పక్కన తానూ కూర్చుని, చీమలెటు పోతున్నాయో కనుక్కుని, వాడి చెయ్యి పట్టుకుని తెచ్చి ఖాళీలో నిలబెడుతుంది. మళ్ళీ మొదటి నుంచి.

మొన్న అలాగే పీరియడ్ అంతా గడిచింది. గంటకి కాస్త ముందు, ఎవరేం చేశారో గానీ, చేతులన్నీ కలిశాయి. అందరూ ఒక్క క్షణం కదలకుండా నిలబడ్డారు. సిమెంటు మీద ఇరవై ఆరు మంది పిల్లలు, ఎక్కడా తెగకుండా, చక్కగా గుండ్రంగా. ఆవిడ ఈల నోట్లో పెట్టుకుంది గానీ ఊదలేదు, చూస్తూ ఉండిపోయింది. అంతలో గంట కొట్టారు, వృత్తం పగిలి గింజల్లా నలుదిక్కులా పరుగెత్తింది. అప్పటికే రెండో తరగతివాళ్ళు వరండా మెట్లు దిగుతున్నారు. ఆవిడ మొహం కడుక్కోవడానికి కుళాయి వైపు నడిచింది.